మా ఆయన కుట్టిన జాకెట్లు

మాత్రలు మొదలుపెట్టిన రెండో నెలలో నా అరచేతులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపును మొదట చూసింది మా ఎదురింటి ముఠా మేస్త్రి. ముప్ఫై మంది ఆడకూలీలను పోగేసి పత్తి చేలకూ మిరప చేలకూ తీసుకెళ్లే మనిషి ఆవిడ. గొంతు విప్పిందంటే రెండు వీధుల అవతల పడుకున్న కుక్కలు కూడా లేచి నిలబడతాయి. ఆ పొద్దున జాకెట్ గుడ్డ ఇవ్వడానికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది.

"అబ్బ, గోరింటాకు ఎప్పుడు పెట్టుకున్నావు వదినా? ఏం పండిందే!"

నేను పెట్టుకోలేదని చెప్పేలోగా, వీధిలో ఆటో తుడుచుకుంటున్న మా ఆయన అందుకున్నాడు.

"పండదా మరి? మంచి మొగుడు దొరికితే అట్టాగే పండుద్ది."

"దొరికి ముప్ఫై ఏళ్లయింది. ఇప్పుడా పండేది?" అన్నాను.

ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకున్నాను. అది గోరింటాకు కాదని నాకు తెలుసు. వారం రోజులుగా అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ చీమలు పాకుతున్నట్టు ఉంటోంది. సాయంత్రానికి మంట. ఆ వానాకాలంలో నాకు పెద్దపేగు క్యాన్సర్‌కి గుంటూరులో ఆపరేషన్ చేశారు. గాయం మానాక ఇంటి దగ్గరే వేసుకోమని మాత్రలు రాశారు. రెండు వారాలు వేసుకోవాలి, ఒక వారం ఆపాలి, మళ్లీ మొదలుపెట్టాలి. అలా ఎనిమిది సార్లు. మాత్రలతో కీమో అంటే సూదులూ సెలైన్లూ లేవు కదా అని సంబరపడ్డాను. చేతులకూ కాళ్లకూ ఇలా ఎరుపూ మంటా రావచ్చని, వస్తే వెంటనే చెప్పమని అప్పుడే అన్నారు. నేనే చెప్పలేదు.

చెప్పకపోవడానికి రెండు కారణాలు. చెబితే మాత్రలు ఆపేస్తారనీ, ఆపితే జబ్బు తిరగబెడుతుందనీ భయం. రెండోది, నేను టైలర్ని. చిలకలూరిపేట దాటాక ఒంగోలు రోడ్డు నుంచి లోపలికి తిరిగితే మా ఊరు. మా ఇంటి వసారాలో కిటికీ పక్కన నా తొక్కుడు మెషీను ఉంటుంది. పెళ్లికి ముందు నుంచీ అదే మెషీను. ఆ ఏడాది మా చర్చి కాయిర్ ఆడవాళ్లందరూ క్రిస్మస్‌కి ఒకే రకం చీరలు కొనుక్కున్నారు. లేత పసుపు చీర మీదికి వంకాయ రంగు జాకెట్. పదిహేడు మంది. పదిహేడు గుడ్డలూ, కొలతకు పదిహేడు ఆది జాకెట్లూ నా బల్ల మీద మూటలుగా ఉన్నాయి. ఆపరేషన్ అయిన మనిషికి ఇంత పని ఎందుకని మా పాస్టరమ్మ ఒకటికి రెండుసార్లు అడిగితే, నేనే పౌరుషానికి పోయి కుడతానన్నాను.

మూడో విడత మాత్రలు సగంలో ఉండగా, ఒక మధ్యాహ్నం కత్తెర పట్టుకుంటే బొటనవేలి మొదట్లో చర్మం బొబ్బలెక్కింది. గుడ్డ చుట్టుకుని కత్తిరించాను. మర్నాడు పొద్దున్నే మంచం దిగి కాలు నేల మీద పెట్టగానే, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద పెట్టినట్టయింది. మళ్లీ మంచం ఎక్కేశాను. మా ఆయన కూలీలను చేలో దింపి ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి, నేను వేడినీళ్ల బేసిన్‌లో కాళ్లు పెట్టుకుని, పళ్లు బిగపట్టి కూర్చుని ఉన్నాను. కాపడం పెడితే తగ్గుతుందనుకున్నాను.

ఆయన వంగి నా పాదాలు చూశాడు. నీళ్లలోంచి ఒకటి తీసి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. మడమ దగ్గర తోలు ఉల్లిపొరలా లేచింది.

"ఎన్నాళ్లనుంచి?"

"పదిహేను రోజులు."

"పదిహేను రోజులనుంచి నా పక్కనే కూర్చుని అన్నం తింటా, చెప్పలేదన్నమాట." కోపంలో ఆయన గొంతు చిన్నదవుతుంది. మామూలుగా అరుపే కాబట్టి, చిన్నదైతేనే నాకు భయం. "లే. ఆటో ఎక్కు."

ఆటోలోనే గుంటూరు తీసుకెళ్లాడు. దారి పొడవునా గతుకు వచ్చిన ప్రతిసారీ బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగి చూశాడు.

డాక్టరమ్మ నా చేతులు చూసి ఏమీ కంగారు పడలేదు. అదే నాకు సగం బలం. ఆ మాత్రలు వేసుకునేవాళ్లలో చాలామందికి ఇలా వస్తుందనీ, ముందే చెప్పి ఉంటే బొబ్బల దాకా రాకపోయేదనీ అంది. తగ్గేదాకా మాత్రలు ఆపి, ఆ తర్వాత మోతాదు కాస్త తగ్గిస్తానంది.

"ఆపితే జబ్బు మళ్లీ రాదాండీ?" అని అడిగాను. పదిహేను రోజులుగా గొంతులో పెట్టుకున్న ప్రశ్న.

"కొన్నాళ్లు ఆపినా, మోతాదు తగ్గించినా వైద్యం పాడైపోదమ్మా. అది మా లెక్కలోనే ఉంటుంది. మీరు దాచిపెట్టడమే మా లెక్కలో లేదు."

మా ఆయన నా వైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్ చూస్తూ, "విన్నావుగా" అన్నాడు.

తర్వాత ఒక నర్సమ్మాయి మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. వేడినీళ్లు వద్దు, చల్లనీళ్లలో చేతులూ కాళ్లూ పెట్టుకోవచ్చు. గిన్నెలు తోమడం, బట్టలు పిండడం వద్దు. బిగుతు చెప్పులు వద్దు, మెత్తని నూలు సాక్సులు వేసుకోవాలి. దేన్నీ గట్టిగా పట్టుకోకూడదు, రుద్దకూడదు. కత్తెర వద్దు, మెషీను తొక్కడం అసలే వద్దు. కారం, పచ్చళ్లు చేత్తో ముట్టుకోవద్దు.

"గుంటూరు జిల్లాలో పుట్టి కారం ముట్టుకోవద్దంటే ఎట్టాగమ్మా?" అన్నాను.

"స్పూను ఉంది కదా ఆంటీ," అని నవ్వి, చివరికి ఒక ట్యూబు చేతిలో పెట్టింది. "ఇది రోజుకి రెండు మూడు సార్లు మెల్లగా రాయాలి. యూరియా క్రీము."

మా ఆయన ఉలిక్కిపడ్డాడు. "యూరియానా? పత్తికేసేదా?"

"అదే పేరు. కానీ ఇది చర్మానికి వాడేది అంకుల్. తోలును మెత్తగా ఉంచుతుంది. ఆ బస్తాలోది మాత్రం ఎప్పుడూ పుయ్యొద్దు."

"మా ఇంట్లో రెండు బస్తాలున్నాయి. అనవసరంగా ఇంత దూరం వచ్చామే అనుకున్నా," అన్నాడు మా ఆయన. నర్సమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పొద్దున్నుంచి మూసుకుని ఉన్న మా ఆయన ముఖం అప్పుడు విచ్చుకుంది.

ఆ సాయంత్రం ఆయనే గోంగూర పచ్చడి, నెయ్యి వేసి అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టాడు. తినిపించడం చేతగాక ప్రతి ముద్దా నా గడ్డానికి కాస్త పూశాడు. పిడుగురాళ్ల నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసి ఆ అవతారం చూసి, "అమ్మా, నాన్న నీకు పెడుతున్నాడా, పూస్తున్నాడా?" అంది.

నవ్వులు సరే, బల్ల మీద పదిహేడు గుడ్డలు అలాగే ఉన్నాయి. అయిదు వారాల్లో క్రిస్మస్. మర్నాడు కాయిర్‌లోనే పాడే మేస్త్రినీ పాస్టరమ్మనీ పిలిపించి, గుడ్డలు పట్టుకెళ్లి చిలకలూరిపేటలో ఎవరికైనా ఇచ్చుకోమన్నాను. మూటలను మోచేత్తో వాళ్ల వైపు జరిపాను.

"ఎక్కడికీ వద్దు, నేను కుడతా," అన్నాడు మా ఆయన.

ముగ్గురం ఆయన వైపు తిరిగాం.

"ఏం? పొద్దున కూలీల్ని దింపాక సాయంత్రం దాకా నాకు పనేముంది? తొక్కడం నాకు కొత్తా? ముప్ఫై ఏళ్లనుంచి బ్రేకు తొక్కతన్నా. ఆమె కూర్చుని చెప్పుద్ది, నేను తొక్కుతా."

"అన్నా, అది జాకెట్, ఆటో కాదు," అంది మేస్త్రి.

"రెండిట్లోనూ ఆడవాళ్లే కదా కూర్చునేది," అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. పాస్టరమ్మ ముందు నవ్వింది. ఇక గుడ్డలు కదల్లేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను దారం లేకుండా ఉత్త సూదితో పాత పేపరు మీద కుట్టిస్తాను. ముందు తిన్నని గీతలు, తర్వాత సున్నాలు. మా ఆయనకీ అదే పని పెట్టాను. మెషీను ముందు కూర్చుని, రెండు పాదాలూ పెడలు మీద పెట్టి, ఒక్క తొక్కు తొక్కాడు. చక్రం వెనక్కి తిరిగింది. రెండో తొక్కు ముందుకీ, మూడో తొక్కు మళ్లీ వెనక్కీ.

"దీనికి రివర్స్ గేరు ఎక్కువున్నట్టుందే."

"చక్రాన్ని చేత్తో ముందుకి తిప్పి, అప్పుడు తొక్కయ్యా. నెమ్మదిగా. మడమ, వేళ్లు. మడమ, వేళ్లు."

"లైసెన్సుకి బండి మీద ఎనిమిది వేయించారు. నువ్వు సున్నాలు వేయిస్తన్నావు. దీనికన్నా ఆ బ్రేకు ఇన్స్పెక్టరే నయం."

మూడు రోజుల్లో పాత పేపర్లన్నీ జల్లెడలయ్యాయి. నాలుగో రోజు దారం ఎక్కించాను. అంటే, ఎక్కించమని చెప్పాను. సూది బెజ్జంలోకి దారం పెట్టడానికి ఆయన ఊపిరి బిగబట్టి, నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి, పావుగంట తంటాలు పడ్డాడు. చివరికి నా కళ్లజోడు పెట్టుకుంటే దూరింది. ఆ రోజు పాత లుంగీ గుడ్డ మీద మూరెడు పొడుగున కుట్టాడు. కుట్టు తిన్నగా వచ్చింది.

నిజం చెప్పాలి. ఆ తిన్నని కుట్టు చూసి నాకు సంతోషం కాలేదు. నా మెషీను శబ్దం ఇంకొకళ్ల కాళ్ల కింద వినపడుతుంటే, నేను ఉండగానే నా చోటు ఎవరో తీసుకున్నట్టు అనిపించింది. లేచి, సాక్సుల కాళ్లతో మెల్లగా వంటింట్లోకి వెళ్లి, చల్లనీళ్లలో చేతులు పెట్టుకుని కాసేపు ఏడ్చాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పొచ్చిందా?"

"లేదు. బాగా వచ్చింది."

"మరెందుకు ఏడుపు?"

"బాగా వచ్చిందని."

ఆయన తల గోక్కున్నాడు. "నీ చేతులు బాగయ్యేదాకానే. ఆ తర్వాత నువ్వు రమ్మన్నా రాను. నడుములు పడిపోతన్నాయి," అన్నాడు. వచ్చి పక్కన కూర్చుని, ట్యూబు తీసి, నా వేళ్లకు ఒక్కొక్కదానికి క్రీము రాశాడు. గ్రీజు పెట్టి పెట్టి గరుకెక్కిన చేతులు ఆయనవి. మెల్లగా రాయడం ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలియదు.

మొదటి జాకెట్ ఎవరిది కుట్టాలన్నది పెద్ద చర్చ. మేస్త్రి ముందుకొచ్చింది. "నాది కుట్టు అన్నా. చెడితే చెడింది, కొంగు కప్పుకుంటా."

ఆది జాకెట్ పరిచి నేను సుద్దతో గీశాను. సుద్ద పట్టుకోవడానికి బలం అక్కర్లేదు. ఆయన కత్తిరించాడు. భుజాలు కలిపాడు, నడుం దగ్గర మడతలు పట్టి డాట్లు వేశాడు, చేతులు తగిలించాడు. రెండు రోజులు పట్టింది. మేస్త్రి లోపలి గదిలోకి వెళ్లి తొడుక్కుని బయటకి వచ్చి, చేతులు పైకెత్తింది. కుడి చెయ్యి ఆకాశానికి లేచింది. ఎడమ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏంది వదినా ఇది? ఈ చెయ్యి హల్లెలూయ అంటంది, ఈ చెయ్యి అనట్లేదు!"

చూస్తే, రెండూ కుడి చేతులే. గుడ్డ మడత వేయకుండా విడివిడిగా కోశాడు. నేను చెప్పడం మరిచిపోయాను. పొట్ట మీది ఆపరేషన్ కుట్లు నొప్పెట్టేదాకా నవ్వాను. ఆ నెలల్లో మొదటిసారి నేను నొప్పిని చూసి భయపడలేదు. మా ఆయన మాత్రం నవ్వకుండా ఆ చేతిని విప్పి, మిగిలిన ముక్కతో కొత్తది కోసి కుట్టాడు. రెండు చేతులూ హల్లెలూయ అన్నాకే అన్నం తిన్నాడు.

తర్వాత పని ఊపందుకుంది. రోజుకి ఒకటి, ఒక్కోరోజు ఒకటిన్నర. హుక్కులూ కాజాలూ, అంచులు మడిచి చేత్తో కుట్టే హెమ్మింగూ ఆయన వల్ల కాలేదు. అవి కాయిర్ ఆడవాళ్లే పంచుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలు ముగించి, మా వసారాలో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు. అందరూ వారమంతా పత్తి తీసి వచ్చినవాళ్లే. ఎండిన పత్తికాయ డొప్పలు గీరుకుని వేళ్ల చివర్లు పగిలి, గోళ్ల పక్కన తోలు లేచి ఉండేది. సూది పట్టుకుంటే వాళ్లకూ చురుక్కుమనేది.

"మా చేతులకన్నా నీ చేతులే నయం వదినా," అంది మేస్త్రి ఒక ఆదివారం, నా చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూస్తూ. "ఆ యూరియా మాకూ కాస్త పుయ్యి."

ట్యూబు చాప చుట్టూ తిరిగింది. ఒక్క చుట్టుకే అయిపోయింది. తర్వాతి వారం మా ఆయన మూడు ట్యూబులు తెచ్చి, "పంటకి సరిపడా తెచ్చా," అని చాప మధ్యలో పెట్టాడు.

క్రీము రాసుకున్నాక సూది జారుతుంది కాబట్టి, అది ఆరేదాకా పాటలు సాధన చేసేవాళ్లు. కాయిర్‌లో పై స్వరం అందుకునేదాన్ని నేనే. ఆపరేషన్ అయ్యాక ఊపిరి నిలవక మానేశాను. ఆ వసారాలో ఎవరూ అడగకుండానే, ఎప్పుడో ఒక చరణం మధ్యలో నేనూ కలిశాను. నాకు నేను గమనించుకునేసరికి రెండో చరణం అయిపోయింది. పాస్టరమ్మ తాళం కొంచెం గట్టిగా వేసింది.

ఈలోగా చేతులు నెమ్మదించాయి. మంట తగ్గింది, పాత తోలు పొరలుగా రాలి, అడుగున లేత గులాబీ రంగు తోలు కనపడింది. తగ్గించిన మోతాదుతో మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కాస్త చీమలు పాకినట్టనిపించినా, ఆ రోజే నర్సమ్మాయికి ఫోన్ చేసేవాళ్లం. నేను చేయకపోతే మా ఆయన చేసేవాడు. ఒకసారి నేను కాళ్లు ముడుచుకుని కూర్చున్నానని కూడా చేశాడు. "అంకుల్, ఆంటీకి చలేస్తుందేమో చూడండి," అందట ఆ అమ్మాయి.

పదిహేడో జాకెట్ క్రిస్మస్‌కి మూడు రోజుల ముందే అయింది. పండగ పొద్దున నాకు చెప్పులు పట్టలేదు. సాక్సుల మీద మా ఆయన హవాయి చెప్పులు వేసుకుని, పడవలు తొడుక్కున్నట్టు నడిచి ఆటో ఎక్కాను. చర్చి గుమ్మం దాకా తీసుకెళ్లి ఆపాడు. లోపల అందరూ చెప్పులు విడిచే కూర్చుంటారు. నేను సాక్సులు కూడా తీసేశాను. ఆ ఏడాదే మా చర్చికి ఒంగోలు వైపు నుంచి తెచ్చిన నల్ల గ్రానైట్ పరిచారు. డిసెంబరు చలికి అది మంచులా ఉంది. అరికాళ్లు రెండూ ఆనించగానే నా ఒళ్లంతా హాయిగా సర్దుకుంది. దేవుడు నన్ను క్షమించాలి, వాక్యం చదువుతున్నంతసేపూ నా ధ్యాస ఆ రాయి మీదే ఉంది.

కాయిర్ లేచి నిలబడింది. లేత పసుపు మీద వంకాయ రంగు. పదిహేడు మందీ చేతులెత్తారు. వెనక మగవాళ్ల వరుసలోంచి మా ఆయన మెడ చాచి, భుజాల కుట్లు ఎక్కడైనా పిగిలాయేమోనని చూస్తున్నాడు. పాట అయ్యాక పాస్టరుగారు ప్రార్థన చేస్తూ, ఈ వస్త్రాలు కుట్టిన మా సహోదరి చేతులను స్వస్థపరచమన్నారు.

"ఆ సహోదరి చేతులు మగాళ్ల వరుసలో ఉన్నాయండీ పాస్టరుగారూ!" అంది మేస్త్రి.

ప్రార్థన మధ్యలో చర్చి అంతా గొల్లుమంది. పాస్టరుగారు కళ్లు తెరిచి, నవ్వాపుకుని, "అయితే నాలుగు చేతులనూ స్వస్థపరచు ప్రభువా," అని ముగించారు.

చివరి విడత మాత్రలు కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో అయిపోయాయి. రేషన్ దగ్గర కొన్నాళ్లు నా వేలిముద్ర పడలేదు. వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి. "ఈవిడ మీ ఆవిడ కాదంటందయ్యా మెషీను," అన్నాడు బియ్యం ఇచ్చే ఆయన. "మెషీను మాటలు నమ్మబాకు, అదీ నాలాగే కొత్త," అని తన వేలు పెట్టాడు మా ఆయన.

ఎండలు ముదిరాక గుంటూరులో స్కాన్ తీశారు. డాక్టరమ్మ కాగితాలు రెండుసార్లు తిరగేసి, అంతా బాగుందమ్మా, మూడు నెలలకి మళ్లీ రండి అంది. ఆ రోజు మా ఆటో రిపేరులో ఉండి బస్సులో వెళ్లాం. బయటకొచ్చి వేరేవాళ్ల ఆటో ఎక్కితే, మా ఆయన వెనక సీట్లో నా పక్కన కూర్చుని, "క్లచ్ అట్టా వదుల్తావేందబ్బాయ్, గతుకు చూసుకో, లోపల పేషెంటుంది," అంటూ దారంతా అతన్ని సతాయించాడు. "పేషెంటు లేదు, ఏమీ లేదు, నువ్వు పోనీ బాబూ," అన్నాను. బజారులో దిగి కొత్త చెప్పులు కొనుక్కున్నాను. పట్టీ ఉన్నవి, నా సైజువి. అవి వేసుకుని బస్టాండు దాకా నడిచాను. ఆయన నా వెనకే నడుస్తూ, "నొప్పా? ఆగుదామా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మెషీను నాదే. వేళ్ల చివర్లలో ఇంకా కొంచెం మొద్దుతనం ఉంది. చలికాలం పొద్దున సూది పట్టుకోవడానికి ఆలస్యమవుతుంది. కానీ పొద్దు గూకేదాకా కుట్టగలను. రమ్మన్నా రానన్న మనిషి మాత్రం మధ్యాహ్నం ఆటో ఆపగానే వచ్చి, "లే, కాసేపు నడుం వాల్చు, ఆ పెట్టీకోట్లు నేను చూస్తా," అంటాడు. నేను లేవను. ఆయన స్టూలు లాక్కుని పక్కనే కూర్చుని, ముక్కు మీదికి కళ్లజోడు దించుకుని, నా కుట్టులో తప్పులు వెతుకుతాడు.